ఎందరు? ఎందుకు? – సామాజిక పరిశోధనలో రెండు మార్గాలు

(గ్రామీణ సర్వేకు బయలుదేరనున్న కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే సోమవారం మీరు 8 గ్రామాలకు బయలుదేరుతున్నారు. బడి మానివేసిన బాలికలను గురించి పరిశోధన చేయాలన్నది మీ సంకల్పం. మీ ప్రశ్నావళిని నాకు ముందుగానే పంపినారు. 42 ప్రశ్నలూ శ్రద్ధగా చదివినాను. ఇల్లిల్లూ తిరిగి లెక్క తీయాలని మీలో కొందరూ, రెండు గ్రామాలలో నెల రోజులుండి తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడితే చాలునని మరికొందరూ పట్టుపట్టుచున్నారని మీ ఆచార్యులు చెప్పినారు. ఈ తగవు తీర్చడానికే నన్ను పిలిచినట్లున్నది. తీర్పు చెప్పే సాహసం నేను చేయను. కాని ఇది మీతో మొదలైన తగవు కాదు. మన దేశంలోనూ, మన పొరుగు దేశంలోనూ పెద్దలెందరో ఇదే కూడలిలో నిలిచి ఆలోచించినవారే. వారి అనుభవం కొంత మీ ముందుంచుతాను.

ముందుగా ఆ రెండు మార్గాల స్వరూపాన్ని క్లుప్తంగా చెప్పుకొందాం. ప్రశ్నను ముందే స్థిరపరచుకొని, దానిని కొలవదగిన అంశాలుగా విడదీసి, అందరినీ ఒకే తీరున అడిగి, వచ్చిన జవాబులను సంఖ్యలుగా మార్చి పరిశీలించేది పరిమాణాత్మక పరిశోధన. దాని రూపకల్పన అంతా ఊరిలో కాలు పెట్టకముందే ముగియాలి. గుణాత్మక పరిశోధన అట్లు కాదు. కొద్దిమందిని ఎన్నుకొని, వారి నడుమ ఎక్కువ కాలం గడిపి, వారి మాటలలోనూ, నడతలోనూ, ఒక్కొక్కప్పుడు మౌనంలోనూ అది అర్థాన్ని వెదుకుతుంది. నిన్నటి సంభాషణ నేటి ప్రశ్నను నిర్ణయిస్తుంది. మొదటిదానిలో నడుమ ప్రశ్న మారితే పరిశోధన చెడుతుంది. రెండవదానిలో ప్రశ్న మారకుంటే చెడుతుంది. ఒకటి ‘ఎందరు, ఎంత’ అనీ, మరొకటి ‘ఎందుకు, ఎట్లు’ అనీ అడుగుతున్నవని స్థూలంగా చెప్పవచ్చును. స్థూలంగా మాత్రమే. ఈ విభజన ఎక్కడ నిలువదో మున్ముందు చూస్తాము.

మెతుకు పట్టి చూచే శాస్త్రం

అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అనడం కద్దు. నమూనా సర్వేల సిద్ధాంతాన్ని పరిచయం చేయడానికి ఇంతకంటె మంచి మాట నాకు తెలియదు. అయితే ఆ మాటలో ఒక షరతు దాగియున్నది. కుండలోని మెతుకులన్నిటికీ ఒకే మంట తగిలియుండాలి. మన గ్రామం అటువంటి కుండ కాదు. ఊరి నడుమ ఒక మంట, వాడ చివర మరొక మంట. అందుచేత ఏ మెతుకును పట్టుకోవలెనో మన ఇష్టానికి వదలక, చీటీలు వేసి తేల్చుకోవలెనని గణాంక శాస్త్రం శాసిస్తుంది. బస్సు దిగిన చోటికి దగ్గరగా ఉన్న ఇళ్ళు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టే ఇళ్ళు, చదువుకొన్నవారి ఇళ్ళు, వీటితోనే పూర్తి చేసుకొని వచ్చిన సర్వేలను నేను ఎన్నో చూచినాను. అవి నమూనాలు కావు. పరిశోధకుని సౌకర్యానికి పటాలు.

చీటీలు సక్రమంగా వేసి ఎన్నుకొన్న 1,000 మందితో మాట్లాడితే, ఒక లక్షణమున్నవారు జనంలో ఎంత శాతమో మూడు శాతం అటు ఇటుగా చెప్పగలము. ఆ అంచనా నూటికి 95 సందర్భాలలో నిలుస్తుంది. జనాభా పది లక్షలైనా పది కోట్లయినా దాదాపు అంతే. కాని ఆ వ్యత్యాసాన్ని సగానికి తగ్గించాలంటే నమూనాను రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. మీ ఖర్చుల పట్టీ తయారు చేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ శాస్త్రాన్ని మన నేలకు తగినట్లు మలచిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించినారు. 1937 నుండి బెంగాలులో జనపనార సాగు విస్తీర్ణాన్ని నమూనా పద్ధతిపై అంచనా కట్టే ప్రయోగాలు చేసినారు. ఆ అనుభవం పునాదిగానే 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైనది. ఆయన తెచ్చిన పద్ధతులలో నాకు అత్యంత ప్రియమైనది ఒకటున్నది. ఒకే ప్రాంతానికి విడివిడిగా రెండు నమూనాలు తీసి, రెండు వేరు బృందాలను పంపడం. ఇద్దరి లెక్కలూ దగ్గరగా వస్తే సరి. రాకపోతే తప్పు ఎక్కడో మనిషిలో ఉన్నదన్నమాట. సంఖ్యను నమ్మమని చెప్పిన శాస్త్రవేత్తే, సంఖ్యను తెచ్చే మనిషిని ఎట్లు పరీక్షించాలో కూడ చెప్పినాడు.

ఆ మనిషి ఎంత సూక్ష్మంగా జారిపోతాడో చూపే ఉదంతం ఒకటి చెబుతాను. ఎకరాకు పంట ఎంత పండినదో తెలియడానికి పొలంలో ఒక చిన్న భాగాన్ని గుర్తించి, కోసి, తూచుతారు. 1940ల దశకంలో మహలనోబిస్ చిన్న చిన్న వృత్తాలు చాలునన్నారు. పి.వి. సుఖాత్మే ఒప్పుకొనలేదు. వృత్తం చిన్నదైనకొద్దీ, లోపలి పంటతో పోల్చితే అంచున నిలిచే పంట పాలు పెరుగుతుంది. గీతపై నిలిచిన కంకి లోపలిదా, బయటిదా? కోసేవాని చేయి దానిని లోపలికే లాగుకొంటుంది. ఒక్కొక్క కంకి చొప్పున అట్లు కలుస్తూ పోగా దిగుబడి ఉన్నదానికంటె ఎక్కువగా తేలుతుంది. వేల వృత్తాలు కోసినా ఈ తప్పు తగ్గదు. ఏలయనగా ఇది చీటీల వల్ల వచ్చిన తప్పు కాదు, గీత వద్ద వచ్చిన తప్పు. ఎవరు లోపల, ఎవరు వెలుపల అన్న నిర్ణయం లెక్కకంటె ముందే జరిగిపోతుంది.

గీతకు వెలుపల నిలిచినవారు

నేను స్వయంగా చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1983లో మీ వయస్సులో ఉన్నప్పుడు, తెలంగాణలోని ఒక పల్లెలో ప్రశ్నావళి పట్టుకొని తిరిగినాను. ఒక ఇంటి ముందు నలుబది ఏండ్ల ఇల్లాలిని “మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగినాను. “నాకేం పని బిడ్డా? ఇంటికాడ్నే ఉంట” అన్నది. ‘పని లేదు’ అన్న గడిలో గుర్తు పెట్టినాను. ఆ సమయంలో ఆమె నెత్తిన గడ్డిమోపు ఉన్నది, చేతిలో గేదె పలుపు ఉన్నది. ఆ రెంటినీ నేను చూచినాను. చూచి కూడ ‘పని లేదు’ అని వ్రాసినాను. ఎందుకంటే నా ప్రశ్నకు జవాబు వచ్చినది. జవాబు వచ్చిన తరువాత కళ్ళతో పని లేదని ఆనాడు అనుకొన్నాను.

నా ఒక్కనిదే అయితే ఇది చిన్న విషయం. మన జనాభా లెక్కలలోనే ఈ చిక్కు పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. 1961 లెక్కలలో వ్యవసాయం వంటి పనులలో, పని కాలంలో ఎక్కువ భాగం రోజుకు ఒక గంటకు మించి క్రమంగా పాల్గొన్నవారిని కూడ శ్రామికులుగా గుర్తించినారు. 1971లో ‘మీ ప్రధాన వ్యాపకం ఏమిటి?’ అన్నది మొదటి ప్రశ్న అయినది. వంట, ఇల్లు, పిల్లలు తన ప్రధాన వ్యాపకమని చెప్పిన స్త్రీ శ్రామికుల జాబితా నుండి తొలగిపోయినది. ఫలితంగా, 1961లో సుమారు 5.9 కోట్లుగా ఉన్న స్త్రీ శ్రామికుల సంఖ్య, జనాభా పెరిగిన 1971లో సుమారు 3.1 కోట్లకు పడిపోయినది. ఆ పదేండ్లలో స్త్రీలకు నిజంగా ఉపాధి తగ్గిన చోట్లు ఉండవచ్చును. కాని దాదాపు సగం మంది నాగలిచాళ్ళ నుండి, నాట్ల నుండి లేచిపోయినారని ఎవరూ నమ్మలేరు. చేను మారలేదు, ప్రశ్న మారినది. అక్కడ మాయమైన మనిషి ప్రణాళికలో కనిపించదు. ఆమెకు శిక్షణ లేదు, పనిముట్టు లేదు, కూలి గురించిన చర్చలో ఆమె ఊసు లేదు.

దీనిని సరిచేయడానికి చాలా కాలం పట్టినది. 1981లో ప్రధాన శ్రామికులు, ఉపాంత శ్రామికులు అన్న విభజన వచ్చినది. 1991లో పొలంలోగాని, కుటుంబ వ్యాపకంలోగాని జీతం లేకుండా చేసే పనిని కూడ పనిగానే లెక్కించవలెనన్న మాటను ప్రశ్నలోనే చేర్చినారు. 1998-99లో 6 రాష్ట్రాలలోనూ, 2019లో దేశమంతటా, మనుషులు రోజులోని 24 గంటలను ఎట్లు గడుపుతున్నారో అడిగే సర్వేలు జరిగినవి. ‘పని చేస్తారా?’ అని అడుగక, ‘తెల్లవారినది మొదలు ఏమేమి చేసినారు?’ అని అడిగితే గడ్డిమోపు కాగితంపైకి వస్తుంది. ఈ మార్పు గణిత సూత్రం నుండి పుట్టినది కాదు. స్త్రీల పక్కన కూర్చుని వారి దినచర్యను చూచినవారి ఒత్తిడి వల్ల వచ్చినది.

ఊరిలో కూర్చున్న పరిశోధకుడు

ఇప్పుడు రెండవ మార్గం. 1948లో ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో కాపురముండి పరిశోధన చేసినారు. గ్రంథంలో ఆ గ్రామానికి రాంపుర అని పేరు పెట్టినారు. ఏండ్ల తరబడి క్రమపరచుకొన్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆందోళనకారులు పెట్టిన మంటలలో కాలిపోయినవి. ఆయన జ్ఞాపకాల ఆధారంతోనే గ్రంథం వ్రాసి 1976లో వెలువరించినారు. ఊరిలో సంఖ్యాబలం, భూమి, పలుకుబడి కలిసిన కులం చేతిలో అధికారం ఎట్లు నడుస్తుందో ఆయన చూపినట్లు ఏ పట్టికా చూపలేదు. మన హైదరాబాదుకు చేరువలోని శామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి ఎస్.సి. దూబే పరిశీలించి, 1955లో వెలువరించిన ‘ఇండియన్ విలేజ్’ కూడ ఈ కోవలోనిదే.

కాని ఒక ఊరు దేశం కాదు. పరిశోధకుడు ఎవరి ఇంట దిగినాడో వారి అరుగుపై నుండి ఊరు కనిపిస్తుంది. శ్రీనివాస్ తన దృష్టి ఊరి పెద్దల వైపు నుండి సాగినదని, దళితవాడ తనకు తగినంత తెలియలేదని దాచకుండా ఒప్పుకొన్నారు. ఆ నిజాయితీ లేని గుణాత్మక పరిశోధనలు చాలా ఉన్నవి. ముగ్గురితో మాట్లాడి ‘గ్రామీణులు భావిస్తున్నారు’ అని వ్రాస్తారు. ఆ ముగ్గురూ ఎవరు, ఎందుకు వారినే ఎన్నుకొన్నారు, నాలుగవవారు కాదన్నారా అని అడిగితే జవాబుండదు. రెండవ మార్గం సులభమనుకొని అటు మొగ్గినవారు మీలో ఉంటే, దయచేసి ఆ భ్రమ ఈ రోజే వదులుకోండి. 42 ప్రశ్నలకు గడులు నింపడం కంటె, ఒక గంట సంభాషణను రాత్రికి రాత్రే పూర్తిగా వ్రాసుకొనడం కష్టం.

రెండు మార్గాలనూ ఒకే మనిషి నడిచిన సందర్భం ఒకటి ఉన్నది. ఎన్.ఎస్. జోధా రాజస్థాన్‌లోని రెండు గ్రామాలను 1963-66లో ఒకసారి, 1982-84లో మరొకసారి పరిశీలించినారు. నడుమ హైదరాబాదు పొలిమేరలలోని ఇక్రిశాట్‌లో పనిచేసినారు. 1975లో ఇక్రిశాట్ ప్రారంభించిన గ్రామ అధ్యయనాలలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు కూడ ఉన్నవి. ఊరికి 40 కుటుంబాలు. స్థానిక భాష తెలిసిన పరిశోధకులు ఊరిలోనే నివసించి, కొన్ని వారాలకొకమారు అవే ఇళ్ళకు వెళ్ళి లెక్కలు వ్రాసుకొనేవారు. లెక్క తీసేవాడు ఆ ఊరివాడైతే లెక్క స్వభావమే మారుతుందని వారి అనుభవం.

జోధా 1988లో ప్రకటించిన రాజస్థాన్ ఫలితం ఆర్థికవేత్తలను ఆశ్చర్యపరచినది. ఆ ఇరువది ఏండ్లలో 36 కుటుంబాల తలసరి నిజ ఆదాయం 5 శాతానికి మించి తగ్గినది. ఆదాయపు కొలబద్దపై చూస్తే వారు మరింత పేదలైనారు. కాని బాగుపడడం అంటే ఏమిటో ఆ పల్లెవాసులనే అడిగి, వారు చెప్పిన 38 గుర్తులతో చూస్తే, ఆ కుటుంబాలే సగటున 37 గుర్తులలో మెరుగుపడినవి. ఏమిటా గుర్తులు? దొర ఇంట పాలేరుగా ఉండనక్కరలేదు. రాత్రి యజమాని వాకిట పడుకోనక్కరలేదు. తిండిగింజల కోసం ఒకే గడపను పట్టుకొని నిలువనక్కరలేదు. కాలికి చెప్పులున్నవి. ఈ స్వేచ్ఛను రూపాయలలో చూపే గడి ఏ ప్రశ్నావళిలోనూ లేదు. ఆదాయం లెక్క అబద్ధమని దీని అర్థం కాదు. ఆదాయం నిజంగానే తగ్గినది. అది కూడ ప్రభుత్వం తెలుసుకోవలసిన విషయమే. ఇంకొకటి గమనించండి. 36, 38, 37 – ఇవన్నీ సంఖ్యలే. గుర్తులను చెప్పినది పల్లె, లెక్కపెట్టినది పరిశోధకుడు. ‘ఎందరు’కూ ‘ఎందుకు’కూ నడుమ మనం గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది.

పిడికెడు బెల్లం

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ ఉదంతం మరింత ప్రాణాంతకమైన ప్రశ్నకు సంబంధించినది. అక్కడ విరేచనాలతో పసిపిల్లలు వేలాదిగా మరణించేవారు. మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధ శేరు నీరు కలిపి త్రాగిస్తే ఒంటిలోని నీరు పోకుండా కాపాడవచ్చును. దీనిని తల్లులకు ఇంటింటా నేర్పే కార్యక్రమాన్ని ‘బ్రాక్’ అనే స్వచ్ఛంద సంస్థ 1980లో ప్రారంభించి, పదేండ్లలో 1.2 కోట్లకు మించిన గడపలకు చేర్చినది.

ఆ సంస్థ లెక్కకు ఇచ్చిన విలువ చూడండి. నేర్పినవారికి నెల జీతం కాదు. కొంతకాలం తరువాత వేరొకరు వెళ్ళి, చీటీలతో ఎన్నుకొన్న కొందరు తల్లులను పరీక్షించేవారు. ఎంత గుర్తున్నది, కలిపి చూపిన నీటిలో ఉప్పు పాలు సరిగా ఉన్నదా అని చూచి, దానిని బట్టి నేర్పినవారికి ప్రతిఫలం. ఫలితాలు అద్భుతంగా వచ్చినవి. తల్లులు నేర్చుకొన్నారు. అంతటితో నివేదిక అచ్చు వేసి ఉత్సవం చేసుకొనవచ్చును. కాని వారు మరొక ప్రశ్న అడిగినారు. మొన్న మీ బిడ్డకు విరేచనాలైనప్పుడు ఈ నీరు ఇచ్చినారా? ఇచ్చినవారు చాలా కొద్దిమంది.

ఎందుకు? ఇక్కడ పట్టికలు మూగవైనవి. అప్పుడు మానవశాస్త్ర దృష్టితో పల్లెలలో కూర్చుని విన్నారు. మనం ఒకే పేరుతో పిలిచే రోగానికి ఆ తల్లుల వద్ద నాలుగు పేర్లున్నవి. చనుబాల వల్ల వచ్చేది ఒకటి, అజీర్ణం ఒకటి, జిగట విరేచనం ఒకటి, నీళ్ళవలె పోయి మనిషిని కూల్చేది ఒకటి. ఈ చివరిదానినే వారు ‘డయేరియా’ అనేవారు. కార్యకర్త నోట ఆ మాట విని, ఆ నీరు చివరి రోగానికి మాత్రమే మందు అనుకొన్నారు. మిగిలిన మూటికీ ఎందుకిస్తారు? మరొక సంగతి బయటపడినది. నేర్పే కార్యకర్తలలోనే చాలామంది తమకు విరేచనాలైనప్పుడు ఆ నీరు త్రాగడం లేదు. వారికే నమ్మకం లేదు. ఇంటి మగవారికి ఈ కొత్త వైద్యాన్ని గురించి ఎవరూ చెప్పనే లేదు. కారణాలు తెలిసిన తరువాత పాఠం మారినది. నాలుగు పేర్లూ చెప్పి నేర్పినారు. కార్యకర్తలకు మళ్ళీ శిక్షణ ఇచ్చినారు. బజారులలో, మసీదులలో పురుషులతో మాట్లాడినారు. తరువాత మళ్ళీ లెక్కపెట్టినారు. వాడకం పెరుగుతూ వచ్చినది.

తల్లులకు నేర్పడం సఫలమైనదా అన్న ప్రశ్నకు లెక్క జవాబు చెప్పినది. బిడ్డ నోటికి ఆ నీరు అందలేదన్న చేదు నిజాన్ని బయట పెట్టినది కూడ లెక్కే. ఎందుకు అందలేదో లెక్క చెప్పలేదు. అట్లని తల్లుల మాటలనే మొదటి నుండి వింటూ కూర్చున్నా, కోటి గడపలలో ఎన్నిటిలో ఈ చిక్కు ఉన్నదో తెలిసేది కాదు.

మీ 42 ప్రశ్నలు

మీ పనికి వద్దాము. ‘ఈ 8 గ్రామాలలో బడి మానివేసిన బాలికలు ఎందరు?’ అన్నది మీ మొదటి ప్రశ్న అయితే, ఇల్లిల్లూ తిరుగక తప్పదు. బడి రిజిస్టరుతో తృప్తి పడవద్దు. పేరు రిజిస్టరులో, పిల్ల పత్తిచేనులో ఉండవచ్చును. ‘ఏ వయస్సులో, ఏ తరగతి వద్ద ఎక్కువగా మానుతున్నారు?’ అన్నది కూడ లెక్కకు చెందినదే. కాని మీ 23వ ప్రశ్న చూడండి. ‘బడి ఎందుకు మానినది?’ అని అడిగి అయిదు గడులు పెట్టినారు: పేదరికం, దూరం, ఇంటి పని, ఆసక్తి లేకపోవుట, ఇతరములు. ఈ అయిదూ ఎవరి మాటలు? మీవి. ‘ఆసక్తి లేదు’ అని చెప్పేది ఎవరు? తండ్రి. పిల్ల తలుపు చాటున నిలిచి వింటుంటుంది. వయస్సు వచ్చిన పిల్ల పొరుగూరి బడికి ఏ దారిన నడిచి పోవాలి, బడిలో మరుగు ఉన్నదా, చిన్న తమ్ముని ఎవరు ఎత్తుకొంటారు, ఇవన్నీ ఆ ఒక్క గడిలో పడి అణగిపోవచ్చును. సర్వే ముగిసిన తరువాత ‘ఇతరములు’ గడి అన్నిటికంటె నిండుగా ఉంటే, దోషం పల్లెది కాదు.

నా సలహా ఏమిటంటే, మీ రెండు వర్గాలూ వంతులు వేసుకోండి. మొదటి పది రోజులు కొద్దిమంది రెండు గ్రామాలలో ఉండి వినండి. విద్యార్థినులు బాలికలతో, వారి తల్లులతో, పెద్దల ఎదుట కాకుండా మాట్లాడాలి. వారు చెప్పిన కారణాలను వారి మాటలలోనే 23వ ప్రశ్న కింద గడులుగా పెట్టండి. ఆ తరువాత 8 గ్రామాల లెక్క. లెక్క వచ్చిన తరువాత, ఎక్కడ అంకె వింతగా ఉన్నదో ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళండి. ఒకే బీదరికంలో ఉన్న రెండు ఇళ్ళలో ఒక పిల్ల చదువుతూ, మరొక పిల్ల మానివేసి ఉంటే, ఆ రెండు గడపల నడుమ ఒక పూట కూర్చోవడం వృథా కాదు. ఇందుకు మరొక వారం కావాలి. ఆ వారం ఇప్పించవలసినదని మీ ప్రిన్సిపాలుగారిని ఈ సభాముఖంగానే కోరుతున్నాను.

17వ ప్రశ్న కూడ ఒకటున్నది: ‘తల్లి ప్రధాన వృత్తి’. దాని ఎదుట మొదటి గడి ‘ఏమీ లేదు’. అది చదివినప్పుడు నాకు ఆ గేదె పలుపు గుర్తుకు వచ్చినది. ప్రశ్నావళి రేపు ఉదయం అచ్చుకు పోతున్నదని విన్నాను. ఈ సాయంత్రం 17ను, 23ను తిరిగి వ్రాయడానికి ఎవరెవరు ఉంటారో చెప్పండి. మీ గ్రంథాలయం మూసే వేళ వరకు నేను ఇక్కడనే ఉంటాను.